కొత్త ఇళ్ల ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చేముందు పర్యావరణ నష్టాన్ని ఎలా తూకం వెయ్యాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ప్లానింగ్ కమిటీలోకి కొత్తగా వచ్చారు, టౌను అంచున 12 హెక్టార్ల పొలంలో 400 ఇళ్ల ప్రాజెక్టు ముందుకొచ్చింది, ఒకపక్క వాగు ఉంది, డెవలపర్ ఇచ్చిన ఇంపాక్ట్ రిపోర్టు 700 పేజీలు, అందులో ప్రతి చాప్టర్ చివరా "ప్రభావం స్వల్పం" అనే ఉంది, చుట్టుపక్కల వాళ్లు ఇచ్చిన అర్జీలో చూస్తే అంతా సర్వనాశనం అని ఉంది, మరి ఓటు ఎటు వెయ్యాలి అని. ఇలాంటి రిపోర్టులు రాసే వైపూ, వాటిని తనిఖీ చేసే వైపూ చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఒక సంగతి. "దీనివల్ల పర్యావరణానికి నష్టం ఉందా" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఉంది అనే వస్తుంది, 400 ఇళ్లు కట్టి నేలకి ఏమీ కాకుండా ఉండటం ఎక్కడా జరగదు. ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంటే వద్దనేవాళ్లు ప్రతిసారీ గెలుస్తారు, లేదంటే రిపోర్టు రాసేవాళ్లు "స్వల్పం" అన్న మాట వెనక దాక్కుంటారు. అడగాల్సింది, దేంతో పోలిస్తే నష్టం అని. మీరు కాదంటే ఆ 400 కుటుంబాలు గాల్లో కలిసిపోవు కదా, ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఆ ఎక్కడో ఏంటో చూడకుండా తూకం వేస్తే త్రాసుకి ఒకటే పళ్లెం ఉన్నట్టు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2021లో జరిగింది చూడండి. ఊరి నడిబొడ్డున, రైలు స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో, కార్లు నిలిపే ఒక ఖాళీ స్థలంలో 495 ఇళ్ల టవర్ కడతామంటే అక్కడి సూపర్‌వైజర్ల బోర్డు, అంటే నగరపాలక మండలి, ఎన్విరాన్‌మెంటల్ రిపోర్టు సరిపోదని వెనక్కి కొట్టింది. భూకంపం వస్తే పునాది ఎలా, చుట్టుపక్కల అద్దెలు పెరిగితే పాతవాళ్ల గతేంటి లాంటి అభ్యంతరాలు, అవి పనికిమాలినవని నేను అనను. కానీ అక్కడ ఇళ్లు వద్దంటే ఆ జనం ఇంకో 50 కిలోమీటర్ల అవతల పచ్చిక బయళ్లు చదును చేసి కట్టిన ఇళ్లలో దిగి రోజూ కార్లలో తిరుగుతారు, ఆ నష్టం మాత్రం ఏ రిపోర్టులోనూ రాదు, ఎందుకంటే కట్టని ప్రాజెక్టుకి ఇంపాక్ట్ రిపోర్టు ఎవరూ రాయరు.

ఏది కొలుస్తున్నాం అన్నదాన్ని బట్టి కూడా జవాబు తలకిందులైపోతుంది. కాలిఫోర్నియాలోనే ఏళ్ల తరబడి ట్రాఫిక్ ప్రభావం అంటే కూడళ్ల దగ్గర కారు ఎన్ని సెకన్లు ఎక్కువ ఆగాల్సి వస్తుంది అని కొలిచేవాళ్లు. ఊరి మధ్యలో కడితే అక్కడ ముందే రద్దీ కాబట్టి ఆ లెక్కలో ప్రాజెక్టు ఫెయిల్, ఎవరూ లేని పొలాల్లో కడితే రోడ్లన్నీ ఖాళీ కాబట్టి పాస్. అంటే పర్యావరణ చట్టమే జనాన్ని దూరంగా తోలేస్తున్నట్టు అయింది. 2013లో చట్టం మార్చి, 2020 జులై నుంచి ఆ లెక్క తీసేసి మొత్తం బండ్లు ఎన్ని మైళ్లు తిరుగుతాయి అన్న లెక్క పెట్టారు. మీ రిపోర్టులో ట్రాఫిక్ చాప్టర్ తీసి చూడండి, కూడళ్ల ఆలస్యం గురించి 80 పేజీలు ఉండి, ఒక్కో ఇంటివాళ్లు రోజుకి ఎంత దూరం తిరుగుతారో ఒక్క పేజీ కూడా లేకపోతే, ఆ చాప్టర్ పర్యావరణం గురించి కాదు, కారు నడిపేవాడి ఓపిక గురించి.

ఐతే ఈ పోలిక విషయంలో డెవలపర్లు ఆడే ఆట కూడా ఒకటుంది, జాగ్రత్త. "మేం కట్టకపోతే ఇంకొకడొచ్చి ఇంతకన్నా అధ్వానంగా కడతాడు" అంటారు, లేదా "ఈ జోన్‌లో 600 ఇళ్లకి వీలుంది, మేం 400 మాత్రమే అడుగుతున్నాం కాబట్టి 200 ఇళ్ల నష్టం తగ్గించినట్టే" అని ఊహల్లోని ప్రాజెక్టుతో పోల్చి చూపిస్తారు. బేస్‌లైన్ అంటే ఈరోజు ఆ నేల మీద నిజంగా ఉన్నదే, కాయితం మీద ఉండగలిగేది కాదు. ఇంకో మాట, మీది టౌను అంచున పొలం కాబట్టి పోలిక వాళ్లకి వ్యతిరేకంగా కూడా వెళ్లొచ్చు, టౌను లోపల ఖాళీగా పడున్న పాత గోడౌన్ల స్థలమో, నీళ్లూ డ్రైనేజీ లైన్లూ ఇప్పటికే ఉన్న చోటో ఉంటే అదేంటని అడగాల్సిందే. అన్నిటికన్నా పనికొచ్చే పోలిక మాత్రం వేరే ఉంది, ఇదే ప్రాజెక్టు, ఇదే స్థలం, కానీ ఇళ్లు వాగుకి దూరంగా జరిపి దగ్గర దగ్గరగా కడితే ఎలా ఉంటుంది అని. నా అనుభవంలో అసలైన మేలు చాలావరకు అక్కడే దొరుకుతుంది, యెస్ నో మధ్యలో కాదు.

ఇక నష్టాల్లోకి వద్దాం. రిపోర్టులో పదిహేను రకాల ప్రభావాలకి ఒకే సైజు పట్టికలు ఉంటాయి, అన్నీ సమానమే అనిపిస్తాయి. కాదు. నేను మొదట రెండు కుప్పలు చేస్తా: తర్వాత సరిదిద్దుకోగలిగేవి, ఒకసారి చేస్తే ఇక వెనక్కి రానివి. కట్టేటప్పటి దుమ్ము, చప్పుడు, రాత్రి లైట్లు, ట్రాఫిక్ సిగ్నల్, ఇవన్నీ మొదటి కుప్ప, కండిషన్ పెడితే చాలావరకు సర్దుకుంటాయి, వీటిమీద మీటింగులో గంటలు ఖర్చుపెట్టకండి. ఇళ్లు నేలమీద ఎక్కడ ఉంటాయి, నీళ్లు ఎటు పోతాయి, తడినేల పూడుస్తారా, ముదురు చెట్లు పోతాయా, రోడ్డు ఎటునుంచి వస్తుంది, ఇవి రెండో కుప్ప. రోడ్డూ పునాదులూ ఒకసారి పడ్డాయంటే వందేళ్లు అవే. సోలార్ ప్యానెళ్లు పదేళ్ల తర్వాత కూడా పెట్టుకోవచ్చు, ఇల్లు వాగులోంచి బయటికి జరపలేం.

అందుకే నీళ్ల గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా. లెక్క ఎవరైనా చెయ్యొచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ 12 హెక్టార్ల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 60 లక్షల లీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో ఐదోవంతు పారి వాగులోకి పోతుంది అనుకుందాం, అంటే 12 లక్షలు. ఇప్పుడు 60 శాతం నేల కప్పులూ రోడ్లూ పార్కింగ్ అయిపోయిందనుకోండి, దానిమీద పడ్డదాంట్లో 90 శాతం పారిపోతుంది, మిగతా నేల మునుపటిలాగే తాగుతుంది అని పెద్దమనసుతో ఒప్పుకున్నా మొత్తం 37 లక్షల లీటర్లు తేలుతుంది. మూడింతలు. పైగా మునుపు మెల్లగా గంటలకొద్దీ వచ్చేది ఇప్పుడు పైపుల్లో ఒక్కసారిగా వస్తుంది. ఒక వాగు పరివాహకంలో సుమారు 10 శాతం నేల గట్టిపడగానే ఆ వాగు ఆరోగ్యం దెబ్బతినడం మొదలవుతుందనీ, 25 శాతం దాటితే చాలా జీవరాశి నిలవదనీ వాగుల మీద పనిచేసేవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది, ఇది గీత గీసినట్టు కచ్చితం కాదు గానీ ఆ రెండు నంబర్లూ మనసులో పెట్టుకుంటే మంచిది.

దీనికి డెవలపర్ జవాబు, చెరువు తవ్వి నీళ్లు ఆపి మెల్లగా వదుల్తాం అని. మంచిదే, కానీ మూడు సంగతులు అడగండి. ఆ చెరువు సైజు ఏ ఏళ్ల వాన లెక్కలతో కట్టారు, పాత రికార్డులా, వానలు పెరుగుతున్న తీరు కలిపారా. "మిగతా నేల మునుపటిలా తాగుతుంది" అని పైన ఒప్పుకున్నాం గానీ, బుల్‌డోజర్లు రెండేళ్లు తొక్కిన మట్టి మీద పైన నాలుగు అంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి పరిస్తే అది తాగదు, చూడ్డానికి పచ్చగా ఉంటుంది గానీ నీళ్లు రోడ్డు మీదలాగే జారిపోతాయి, దీన్ని లెక్కలో కలిపిన రిపోర్టులు చాలా తక్కువ. మూడోది కాస్త తిరకాసు: మీ సైట్ నీళ్లు ఆలస్యంగా వదిలితే, సరిగ్గా అదే టైముకి పైనుంచి వాగు పోటు కూడా వచ్చి రెండూ కలిసి కింద ఉన్నవాళ్లకి మునుపటికన్నా ఎక్కువ ముంపు అవ్వొచ్చు. అందుకని సైట్ గేటు దగ్గర లెక్క ఆపేస్తే కుదరదు, వాగు కింద వంతెన దాకా మొత్తం కలిపి మోడల్ చూపించమనండి.

హ్యూస్టన్ సంగతి ఎప్పుడూ చెప్తుంటా. ఆ ఊరిని వరదల నుంచి కాపాడ్డానికి 1940లలో ఆడిక్స్, బార్కర్ అని రెండు కట్టలు కట్టారు. ఐతే కట్ట వెనక నీళ్లు నిలవగలిగినంత నేల మొత్తం ప్రభుత్వం కొనలేదు, ఆ మిగిలిన నేలలో తర్వాత వరసగా కాలనీలు లేచాయి, ప్రతిదానికీ పద్ధతి ప్రకారమే అనుమతులు వచ్చాయి, కొన్ని లేఅవుట్ మ్యాపుల మీద ఇక్కడ నీళ్లు నిలవొచ్చని చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంది. 2017 ఆగస్టులో హార్వీ తుఫానొచ్చినప్పుడు రిజర్వాయర్ నిండి అక్కడి వేలాది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2019లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు ప్రభుత్వానిదే బాధ్యత అంది, సరే, కానీ ఇళ్లు అక్కడే ఉన్నాయి. ఒక్కో అనుమతీ విడిగా చూస్తే తప్పు కనపడదు, అదీ సమస్య.

అంటే కూడిక లెక్క. మీ కమిటీ ముందుకొచ్చింది ఒక్క ప్రాజెక్టే కావచ్చు, గత పదేళ్లలో ఆ వాగు పొడుగునా ఎన్ని వచ్చాయో, ఇంకా ఏవి క్యూలో ఉన్నాయో మీ ఆఫీసులోనే ఫైళ్లు ఉంటాయి, ఒక మ్యాపు మీద అన్నీ పెట్టించండి. ముక్కలు చేసే అలవాటు కూడా గమనించండి, ఇండియాలో 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితే పర్యావరణ అనుమతి కావాలి, ఇలాంటి గీత ఎక్కడ గీసినా ఆ గీతకి కాస్త కింద ఆగిపోయే ప్రాజెక్టులూ, ఫేజ్ వన్ ఫేజ్ టూ అని విడదీసి తెచ్చేవీ ఉండటం మామూలే. యూరప్‌లో ఐర్లాండ్ మీద ఇదే విషయంలో కేసు నడిచి, సైజు ఒక్కటే చూసి, చోటు ఎలాంటిదో, అన్నీ కలిస్తే ఏమవుతుందో చూడకుండా గీతలు పెట్టడం కుదరదని 1999లో యూరోపియన్ కోర్టు తేల్చింది. మీ డెవలపర్‌కి పక్క సర్వే నంబరులో ఇంకా భూమి ఉందా? అడగడానికి మొహమాటపడకండి.

జీవాల సర్వేల విషయంలో నేను మొదట చూసేది తేదీలు. ఎండాకాలంలో రెండు రోజులు తిరిగి "కప్పలేవీ కనపడలేదు" అని రాస్తే కనపడవు మరి. వలస పక్షులకి ఒక కాలం, గబ్బిలాలకి రాత్రి, గుంటల్లో గుడ్లు పెట్టేవాటికి వానల తర్వాత. సర్వే ఎప్పుడు, ఎన్ని గంటలు, ఎవరు చేశారో అనుబంధంలో ఉంటుంది, అది లేకపోతే ఆ చాప్టర్‌కి విలువ లేదు. చెట్ల గురించి ఒక్క ముక్కే: ఒక ముదురు చెట్టుకి పది మొక్కలు నాటుతాం అన్నది మీరు బతికుండగా తీరే బాకీ కాదు, కొట్టకుండా ఉండే దారి చూడమనండి.

కట్టే దశని అందరూ తేలిగ్గా తీసుకుంటారు గానీ మట్టి కొట్టుకుపోవడం చిన్న విషయం కాదు, నిర్మాణం జరిగే చోటు నుంచి పారే మట్టి పంటపొలం కన్నా 10 నుంచి 20 రెట్లు ఎక్కువ అని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. మొత్తం 12 హెక్టార్లూ ఒకేసారి గీకి పెట్టకుండా విడతలుగా తెరవాలి అని ఒక కండిషన్ పెడితే వాగుకి చాలా మేలు. సిమెంటూ స్టీలూ తయారీలో పోయే కార్బన్ కూడా లెక్కలోదే, దీనికీ కొత్తగా ఏం కనిపెట్టక్కర్లేదు, ఇల్లు చిన్నగా, గోడ గోడకి ఆనుకుని, బేస్‌మెంట్ పార్కింగ్ తగ్గించి కడితే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు మోసం జరిగే చోటు. "ప్రభావం స్వల్పం" అన్న ప్రతిచోటా దాని ముందు ఒక కనపడని మాట ఉంటుంది, "మేం చెప్పినవన్నీ చేస్తే". చేస్తారా? ఇంగ్లండ్‌లో కట్టడం పూర్తయిన 42 హౌసింగ్ సైట్లకి 2024లో పరిశోధకులు వెళ్లి, అనుమతి అప్పుడు ఒప్పుకున్న పచ్చదనం, పక్షి గూళ్లు, పొదలు ఉన్నాయా అని ఒక్కోటీ లెక్కపెట్టి చూస్తే దాదాపు సగమే ఉన్నాయి, పక్షులకీ గబ్బిలాలకీ పెడతామన్న పెట్టెల్లో నాలుగింట మూడొంతులు అసలు లేవు. అదే ఏడు ఆ దేశంలో కొత్త ప్రాజెక్టులు చాలావరకు జీవవైవిధ్యాన్ని 10 శాతం పెంచి 30 ఏళ్లు కాపాడాలి అని నిబంధన కూడా వచ్చింది. నిబంధన మంచిదే, 30 ఏళ్లు వెళ్లి చూసేదెవరు?

నెదర్లాండ్స్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. రేపు నైట్రోజన్ కాలుష్యం తగ్గిస్తాం అన్న ఆశ మీద ఈరోజు అనుమతులు ఇచ్చేస్తూ పోయారు, 2019 మేలో అక్కడి అత్యున్నత పరిపాలనా కోర్టు ఇంకా జరగని తగ్గింపుని లెక్కలో వాడుకోవడం చెల్లదు అనేసరికి సుమారు 18,000 ప్రాజెక్టులు, ఇళ్లూ రోడ్లూ పశువుల షెడ్లూ అన్నీ, ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. రేపటి నివారణకి ఈరోజే పూర్తి మార్కులు వెయ్యకండి అనడానికి ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ నాకు తెలీదు.

కాబట్టి కండిషన్ రాసే పద్ధతి ముఖ్యం. "తగిన డ్రైనేజీ ఏర్పాట్లు చేయవలెను" అని రాస్తే ఏమీ రాయనట్టే. "చెరువు పూర్తయి ఇంజనీర్ కొలిచి సర్టిఫై చేసేదాకా 51వ ఇంటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వబడదు" అని రాయండి, పని దానంతటదే అవుతుంది. పూడిక ఎవరు తీస్తారు, ఏ డబ్బుతో, ఇళ్లు అమ్మేసి డెవలపర్ వెళ్లిపోయాక ఆ బాధ్యత ఓనర్ల అసోసియేషన్‌దా మున్సిపాలిటీదా, ఇది ముందే తేలాలి, బ్యాంకు గ్యారంటీ పెట్టించుకుంటే ఇంకా మంచిది. మీ ఆఫీసులో తనిఖీకి వెళ్లే మనిషి ఒక్కరే ఉండి కండిషన్లు 90 ఉంటే అందులో 80 కాయితాలకే పరిమితం, పదే పెట్టండి, గట్టివి పెట్టండి.

అర్జీ పెట్టినవాళ్ల విషయం. వాళ్లని తీసిపారెయ్యొద్దు, వాగు ఏ ఏడాది ఎక్కడిదాకా వచ్చిందో రిపోర్టు రాసిన ఇంజనీర్‌కన్నా వాళ్లకే బాగా తెలుసు, ఆ సమాచారం రాయించుకోండి, ఫోటోలుంటే అడగండి. అదే టైములో కొత్తవాళ్లు రావడమే ఇష్టంలేక పర్యావరణం పేరు వాడేవాళ్లూ ఉంటారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విద్యార్థుల హాస్టల్ ప్రాజెక్టు మీద, అక్కడ ఉండబోయే పిల్లలు చేసే గోలని కూడా పర్యావరణ ప్రభావంగా పరిశీలించాల్సింది అని 2023లో అప్పీల్ కోర్టు అంది, అదే ఏడు శాసనసభ చట్టం మార్చి మనుషులు ఇళ్లలో ఉండటం వల్ల వచ్చే చప్పుడు ప్రభావం కాదని తేల్చాల్సొచ్చింది. నేను వాడే జల్లెడ సింపుల్: ఈ అభ్యంతరం తీరిస్తే మీరు ఒప్పుకుంటారా అని అడుగుతా. వాగు నుంచి దూరం జరిపితే ఓకే అన్నవాళ్లతో కూర్చుని మాట్లాడొచ్చు. ఏం చేసినా వద్దు అన్నవాళ్ల మాట వినండి, రికార్డు చెయ్యండి, కానీ దాన్ని పర్యావరణం ఖాతాలో వెయ్యకండి.

చట్టం వైపు ఒకటి తెలుసుకోండి. ఈ రిపోర్టుల పద్ధతికి మూలం 1970 జనవరి 1న అమల్లోకి వచ్చిన అమెరికా చట్టం, నేపా. దాని మీద 1989లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, తెలియకుండా నిర్ణయం తీసుకోవడాన్నే ఈ చట్టం ఆపుతుంది, తెలిసి తీసుకున్న చెడ్డ నిర్ణయాన్ని ఆపదు అని. మీ చోట చట్టం ఇంతకన్నా గట్టిగా ఉండొచ్చు, చూసుకోండి, కానీ రిపోర్టు మీ బదులు ఓటు వెయ్యదు. నష్టం ఉందని ఒప్పుకుంటూనే ఇళ్ల అవసరం దానికన్నా ఎక్కువ అని మీరు అనుకుంటే అనుమతి ఇవ్వొచ్చు, ఎందుకో మాత్రం నాలుగు వాక్యాల్లో మీ సొంత మాటల్లో రాయండి, కన్సల్టెంట్ రాసిచ్చిన ముగింపు కాపీ కొట్టకండి, కోర్టుకెళ్తే నిలబడేది ఆ నాలుగు వాక్యాలే.

మీరు చెప్పిన వివరాల మీద నా మొగ్గు అడిగితే: ఇళ్లు వాగుకి దూరంగా జరిపి, టౌను వైపు ఒత్తుగా కట్టి, బస్సు తిరిగే రోడ్డుకి కలిపితే యెస్. ఇప్పుడున్న ప్లాను వాగు అంచుదాకా ప్లాట్లు పరిచి ఉంటే నో.

700 పేజీలూ చదవక్కర్లేదు. ప్రత్యామ్నాయాల చాప్టర్ తీయండి, అది రెండు పేజీలే ఉంటే వాళ్లు వేరే దారి ఆలోచించలేదనే అర్థం. తర్వాత డ్రైనేజీ లెక్కల వెనక ఉండే అంచనాల పట్టిక, సర్వే తేదీల అనుబంధం, బోర్లు వేసి చూసినప్పుడు నీళ్లు ఎంత లోతులో పడ్డాయో ఆ షీటు, అది ఏ నెలలో వేశారో కూడా, చివరగా ఎవరు ఏం ఎప్పటికి చేస్తారో చెప్పే హామీల పట్టిక. తర్వాత మీ ఆఫీసు ఇంజనీర్‌ని పిలిచి, వాగు వైపు 30 మీటర్లు వదిలేస్తే ఎన్ని ఇళ్లు తగ్గుతాయి, అవే ఇళ్లు ఇంకో అంతస్తు వేసి మిగతా చోట సర్దొచ్చా అని అడగండి. దీనికి రిపోర్టులో జవాబు లేకపోతే ఈ మీటింగులో ఓటు వెయ్యాల్సిన అవసరం లేదు, ఆ జవాబు తెమ్మని రాసి వచ్చే మీటింగుకి వాయిదా వెయ్యమని ప్రతిపాదించండి, గడువు ఎంతవరకు పొడిగించొచ్చో మాత్రం ముందు సెక్రటరీని అడిగి పెట్టుకోండి.